మాటలు తక్కువున్న సినిమా

2022 చలికాలం. అబుదాబిలో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న సినిమా హాళ్లలో అప్పటికి తొమ్మిదేళ్లుగా టికెట్ కౌంటర్‌లో పని చేస్తున్నాను. మాది నెల్లూరు. చొక్కా మీద షాహీన్ అని పేరు బిళ్ల ఉంటుంది కానీ వచ్చేవాళ్లందరికీ నేను మేడమ్‌నే. కౌంటర్‌లో కూర్చుని టికెట్లు ఇవ్వడం కూడా ఒక పనేనా అనుకుంటారు చాలామంది. మనిషిని చూసి సినిమా చెప్పడమే అందులో అసలు పని. చంటిపిల్లలతో వచ్చినవాళ్లకు ఏది, అలిగి వచ్చిన జంటకు ఏది, ఏసీలో కునుకు తీయడానికి వచ్చిన పెద్దాయనకు ఏది, ముఖం చూస్తే నాకు తెలిసిపోతుందని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ గొప్ప కాస్తా ఒక ఆదివారం మధ్యాహ్నం దిగిపోయింది.

ఆ వారం మా దగ్గర కొరియన్ సినిమాల పండగ నడుస్తోంది. మూడు రోజులు, ఆరు సినిమాలు. టికెట్ ఉచితమే కానీ ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అలా చేసుకోకుండా నేరుగా వచ్చేవాళ్లను వాక్-ఇన్ అంటాం, సీట్లు మిగిలితేనే వాళ్లకు ఇస్తాం. తెర కింద ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ సబ్‌టైటిల్స్ పడతాయి. వచ్చేవాళ్లలో సగం మంది కాలేజీ అమ్మాయిలు, మిగతా సగం ఇక్కడ కాపురం ఉంటున్న కొరియా కుటుంబాలు.

ఆ వరుసలో గంగరాజం అనే ఆయన నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, ఎండకు కమిలిన మెడ. నా దగ్గరికి వచ్చి "ఏక్ పిక్చర్ దేఖ్‌నా మేడం" అన్నాడు. ఆ హిందీ వెనకాల ఉన్న తెలుగు నాకు వెంటనే దొరికిపోయింది.

"తెలుగువాళ్లా మీరు?"

"ఔ మేడం. మాది జగిత్యాల దిక్కు. గిప్పుడు బనియాస్‌ల ఉంటున్న. గీ కొరియా పిక్చర్లల్ల ఒకటి చూడాలె. మంచిది చూసి ఇయ్యి."

ఇయ్యి! నేను మీరు అంటుంటే ఈయన నన్ను నువ్వు అంటాడేమిటి? అండీ లేదు, గిండీ లేదు. లోపల మూతి ముడుచుకున్నాను. పైకి మాత్రం ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను.

"ఇంగ్లీషు చదవగలరా? వాళ్ల మాటలన్నీ కింద ఇంగ్లీషులో పడతాయి."

"చదువరాదు మేడం. ఏడు దాక తెలుగుల సదివిన, గంతే."

నాకు ఇంకేం ఆలోచించాల్సిన పని లేదనిపించింది. ఒంటిగంట ఆటలో దొంగలు పారిపోతుంటారు, పోలీసులు తరుముతుంటారు. మాటలు తక్కువ, పరుగులు ఎక్కువ. భాష రాకపోయినా బాధ లేదు. చివరి వరసలో సీటు ఇచ్చి పంపించాను. లోపల మూతి ముడుచుకున్నా మంచి పనే చేశానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అరగంట తిరక్కుండా మళ్లీ కౌంటర్ ముందు ఆయనే. ఉచితంగా చూస్తూ కూడా ఎంపికలా అని నాకు కాస్త చిరాకేసింది.

"ఏమైంది? నచ్చలేదా?"

"మేడం, గిండ్ల ఎవ్వలు మాట్లాడుతలేరు. మాట్లాడితె తిట్టుకుంటున్నరు. ఆ తిట్లన్ని నాకొచ్చినయే."

"మీకు కొరియన్ వచ్చా?"

"ఎనిమిదేండ్లు ఆళ్ల చేతికింద జేసిన మేడం. రాకేం జేస్తది?"

అప్పుడు చెప్పుకొచ్చాడు. ఆయనది స్కాఫోల్డింగ్ పని. పనివాళ్లు ఎత్తున నిలబడేందుకు ఇనుప పైపులతో మంచెలు కట్టడం. పడమటి ఎడారిలో ఒక పెద్ద సైట్‌లో కొరియా సూపర్‌వైజర్ల కింద ఎనిమిదేళ్లు కట్టాడు. పైనుంచి వాళ్లు అరుస్తుంటే కింద నుంచి విని భాష నేర్చుకున్నాడు. ఆ పని పూర్తయ్యి కొరియావాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడున్న చిన్న కంపెనీ మూతపడుతోంది. నెలాఖరుకు వీసా ఖలాస్. పోయిన నెల ఒక కొరియా కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఆయన చేతిలో సర్టిఫికెట్లు ఏమీ లేవు, ఉన్నదల్లా ఆ భాషే.

"ఆఫీసుల కూసున్న. తలనెరిసిన ముదీర్ వచ్చిండు, అంటే మేనేజర్. కుర్చీలు తక్కువున్నయి. పెద్దమనిషి, నిలవడ్డడు గదా అని నేను లేసి, నా కుర్చీ ఆయన దిక్కు జరిపి 'అంజా' అన్న. అంటే కూసో అన్నట్టు. ఆయన మొకం ఎర్రగయింది. నన్ను ఒక్క మాట అడగలే, బయటికి పొమ్మన్నరు. ఎనుకనుంచి ఒకడు చెప్పిండు, నువ్వు ఆయనను 'కూసోరా' అన్నవురా అని."

ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

"నాతోని మాట్లాడినోళ్లంత నన్ను రా, పో అన్నోళ్లే మేడం. నాకు గదే వచ్చింది. పెద్దోళ్లతోని ఎట్ల మాట్లాడాల్నో నాకు ఎవ్వలు నేర్పలే. ఆళ్ల ఇంట్ల ఆళ్లు మాట్లాడుకునుడు నేనెన్నడు ఇనలే, పిక్చర్ల ఇందామని వచ్చిన. మంగళవారం ఇంకో కంపెనీల ఇంటర్వ్యూ ఉన్నది. గది గూడ పోతే ఇంటికి తోలుడే. గీ వయసుల మల్ల వీసా ఎవ్వలిస్తరు?"

నాకు చాలా సిగ్గేసింది. మాటలు వినడానికి వచ్చిన మనిషికి, ఏరి ఏరి, మాటలు లేని సినిమా ఇచ్చాను. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. 'ఇయ్యి' అన్నందుకు నేను మూతి ముడిచిన తీరుకూ, 'అంజా' అన్నందుకు ఆ ముదీర్ ముఖం ఎర్రబడిన తీరుకూ తేడా ఏముంది? నిజానికి నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో, మా ఇంటి ఉర్దూ అలవాటుతో ఒక లక్నో పెద్దాయనను 'తుమ్ కౌన్‌సా పిక్చర్ దేఖ్తే' అని అడిగాను. ఆయన ఆగి, నన్ను తేరిపార చూసి, నువ్వు కాదు మీరు అనాలన్నట్టు 'ఆప్' అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

పక్కనే ఉన్న హెల్ప్ డెస్క్‌లో యూన్ మేడం అని ఒక కొరియా ఆవిడ వాలంటీరుగా నిలబడి ఉన్నారు. గంగరాజాన్ని అక్కడికి తీసుకెళ్లాను. నేను ఇంకా నోరు తెరవకముందే ఆయన ఆవిడ నిలబడి ఉండడం చూసి, పక్కనున్న స్టూలు లాగి, ఎంతో మర్యాదగా వంగి, "అంజా!" అన్నాడు.

యూన్ మేడం కళ్లు పెద్దవయ్యాయి. నేను గబగబా ఇంగ్లీషులో కథంతా చెప్పాను. ఆవిడ చేయి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంటర్వ్యూ సంగతి చెప్పేసరికి నవ్వు ఆపి, సినిమాల జాబితా ముందేసుకున్నారు. తొమ్మిదేళ్లలో ఎవరూ సినిమాను అలా ఎంచడం నేను చూడలేదు. కథ ఏమిటి, నటులు ఎవరు అన్న మాటే లేదు.

"స్కూలు పిల్లల సినిమా వద్దు, అందరూ స్నేహితులే, నువ్వు అనే అనుకుంటారు. రాజుల సినిమా అసలే వద్దు. అందులో మర్యాద ఉంది గానీ అలా మాట్లాడితే ఆఫీసులో నాటకం వేస్తున్నాడనుకుంటారు" అని ఒక్కొక్కటే కొట్టేసి, నాలుగు గంటల ఆట మీద వేలు పెట్టారు. "ఇది. కొత్త కోడలు మామగారి నూడుల్స్ కొట్టులో పనికి చేరుతుంది. సినిమా అంతా పెద్దలతో మాట్లాడటమే."

ఆ ఆట నిండిపోయింది. మిగిలినవి హౌస్ సీట్లు రెండు. అంటే చివరి నిమిషంలో వచ్చే ముఖ్య అతిథుల కోసం మేము ఆపి ఉంచేవి. ఆట సమయం దాటి పది నిమిషాలైనా ఎవరూ రాకపోతే వాటిని వాక్-ఇన్‌లకు వదిలేయవచ్చు. గంగరాజాన్ని తలుపు దగ్గర నిలబెట్టి, నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. సూటు వేసుకున్నవాడెవడు లిఫ్టులోంచి దిగినా నా గుండె జారేది. పది నిమిషాలు గడిచాయి. ఎవరూ రాలేదు. లోపల నిర్వాహకుల ఉపన్యాసం ఇంకా సాగుతూనే ఉంది, ఆ పుణ్యాన సినిమా ఒక్క ముక్క కూడా పోలేదు.

ఆట నడుస్తుండగా చీకట్లో నిలబడి బొమ్మా, శబ్దమూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రావడాన్ని హాల్ చెక్ అంటాం. రెండు నిమిషాల పని. ఆ రోజు నేను ఇరవై నిమిషాలు నిలబడ్డాను. గంగరాజం ముందుకు వంగి కూర్చున్నాడు, పెదవులు కదులుతున్నాయి. సబ్‌టైటిల్స్ చదివేవాళ్లు మాట పూర్తికాకముందే నవ్వేస్తారు. చెవితో వినేవాళ్లకు మాట చివర దాకా ఆగక తప్పదు. హాల్లో ప్రతి నవ్వూ రెండు విడతలుగా వస్తోంది. ముందు కాలేజీ అమ్మాయిలు, తర్వాత కొరియా కుటుంబాలు. గంగరాజం రెండో విడతలో నవ్వుతున్నాడు. ఆ చీకట్లో నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

ఆట వదిలాక ఆయన నేరుగా యూన్ మేడం దగ్గరికి వెళ్లాడు. స్టూలు జరిపి, రెండు చేతులూ దగ్గర పెట్టుకుని, "అంజుసేయో" అన్నాడు. కూర్చోండి అని. ఇంటికి బయల్దేరి సంచి భుజాన వేసుకున్న ఆవిడ, సంచి దించి, వచ్చి, కూర్చున్నారు.

"మన అండీ లెక్క ఆళ్లకు 'యో' ఉన్నది మేడం, చివర్ల" అని నాతో అన్నాడు. "ఎనిమిదేండ్లల్ల నాకు ఎవ్వలు యో అనలే. అందుకే తెల్వలే."

నేను ఆ రోజు నుంచి కౌంటర్‌లో మొదటి ప్రశ్న మార్చుకున్నాను. ఇంగ్లీషు వచ్చా అని అడగను. ఎందుకు చూడాలనుకుంటున్నారు అని అడుగుతాను. వరుస నెమ్మదిస్తుంది, వెనకవాళ్లు గొణుగుతారు, మా మేనేజర్ కూడా ఒకసారి గొణిగాడు. అడగడం మాత్రం మానలేదు. ముఖం చూస్తే తెలిసిపోతుందని చెప్పుకోవడం మానేశాను.

మంగళవారం ఏమైందో నాకు తెలియదు. ఫోన్ నంబరు తీసుకోవాలన్న తెలివి ఆ హడావిడిలో ఇద్దరికీ రాలేదు. మరుసటి ఏడు మళ్లీ కొరియా సినిమాలు వచ్చాయి. ఆదివారం వరుసలో ఇస్త్రీ చొక్కా ఒకటి కనిపిస్తుందేమోనని మాటిమాటికీ తలెత్తి చూశాను. మూడింటికి కనిపించింది.

"ఫోర్మన్ అయిన మేడం" అన్నాడు, నేను అడగకముందే. "ముప్పై మంది ఉన్నరు నా చేతికింద. ఒక్కన్ని గూడ రా అంటలేను."

నా కళ్లు చెమర్చాయి. దాచుకోవడానికి జాబితా తెరిచాను. "ఈసారి మాటలు బాగా ఉన్న సినిమా ఒకటుంది, ఇమ్మంటారా?"

"అయ్యో వద్దు మేడం! దినమంత ఆళ్ల ముచ్చట్లే ఇంటున్న, చెవులు వాసినయి. అప్పుడు నేను సగంల లేసి వచ్చిన అసొంటిది, మాటలు తక్కువున్నది ఒకటి ఇయ్యి."

ఇయ్యి అనే అన్నాడు. నాకు మాత్రం ఇవ్వండి అనే వినిపించింది.