కుడివైపు స్పీకరు

మా నాన్నగారి కారుకు కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చిన రేడియో అంత పనికిమాలిన వస్తువును నేను ఇంతవరకు చూడలేదు. బెజవాడలో కాస్త పలికేది. కంకిపాడు దాటేసరికి వార్తలు చదివే ఆయనకు జలుబు చేసేది. ఉయ్యూరు వచ్చేసరికి మనిషే ఉండేవాడు కాదు, బుస్సుమనే చప్పుడు మాత్రం మిగిలేది. నాన్నగారు డాక్టరు. వారానికోసారి పామర్రు వెళ్ళి అక్కడి రోగుల్ని చూసేవారు. దారి పొడుగునా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఆ రేడియో నెత్తిన చరుస్తూ ఉండేవారు. రోగుల దగ్గర ఉండే ఓపికలో పావువంతు కూడా దాని దగ్గర ఉండేది కాదు.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు ఆయన కోరిక తీరింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక రోగి, తను వాడుకున్న కారు క్యాసెట్ ప్లేయరును రెండు స్పీకర్లతో సహా ఇచ్చేశాడు. ఆటోనగర్ తీసుకెళ్ళి పాత రేడియోను పీకించి, దాని చోట దీన్ని పెట్టించారు. వెనక సీటుకూ అద్దానికీ మధ్యనున్న చెక్కకు రెండు కంతలు కోయించి, పళ్ళేలంత స్పీకర్లు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి బిగించారు.

"ఇప్పుడు చూడవే, సినిమా హాల్లో కూర్చున్నట్టుంటది" అన్నారు నాతో. నేను డిగ్రీలో ఫిజిక్సు చదువుతున్నాను కాబట్టి ఇలాంటి గొప్పలన్నీ నాకే చెప్పుకునేవారు.

ప్లేయరైతే వచ్చింది గానీ ఇంట్లో ఉన్నది ఒక్కటే క్యాసెట్. అది మా పిన్నిది.

పిన్ని అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ఊళ్ళో పంతులమ్మ. మాది పాత క్రైస్తవ మిషను గుడి. బెంచీల మీద కూర్చుని, పుస్తకం చూసి, గొంతు లేవకుండా పాడటం మా మర్యాద. పిన్ని మాత్రం ఆ ఊళ్ళో చప్పట్లు చరిచి పాడే సంఘంలో చేరింది. అక్కడ ప్రార్థన ముదిరినప్పుడు ఆత్మ దిగివచ్చి, ఎవరికీ తెలియని మాటలు నోటివెంట వస్తాయి. దాన్ని భాషల్లో మాట్లాడటం అంటారు. ఆ మాటలకు అర్థం చెప్పే వరం మరొకరికి ఉంటుందట. నాన్నగారికి ఇదంతా వేళాకోళం. "మీ చెల్లెలికి తెలుగు చాలటం లేదు" అనేవారు అమ్మతో.

సంఘంలో ఎవరిదో టేప్ రికార్డరు అడిగి పుచ్చుకుని, తాము పాడిన పాటలు ఎక్కించి పిన్ని ఆ క్యాసెట్ పంపింది. అప్పటికి మాకు ప్లేయరు లేదు. పక్కింటివాళ్ళ దగ్గర ఒకసారి విన్నాం. ఒకవైపు పాటలు అయ్యాయి. తిప్పి పెడితే రెండోవైపు కాసేపు ఏమీ లేదు. ఖాళీ అనుకుని తీసేశాం. ఆ తర్వాత నెల దాటకుండానే ఉప్పెన వచ్చింది. పిన్ని ఊరు మిగల్లేదు. పిన్ని దొరకలేదు.

శవం దొరకలేదు కాబట్టి అమ్మ ఒప్పుకోలేదు. జ్ఞాపకార్థ కూడిక పెడదామని మా గుడి అయ్యగారు ఇంటికి వస్తే, "ఎవరి జ్ఞాపకార్థమండీ?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది. ఏడవలేదు. వండేది, వడ్డించేది, పిలిస్తే మాత్రం పలికేది కాదు. పిన్ని ఎలాగూ రాదు, అమ్మయినా మాకు మిగులుతుందా అన్నదే ఆ ఏడాదంతా నా భయం.

కొత్త స్పీకర్లతో పామర్రు బయల్దేరిన రోజు క్యాసెట్ అమ్మే తెచ్చి పెట్టింది. నాన్నగారి పక్కన తను కూర్చుంది, వెనక కుడివైపు నేను. కంకిపాడు దాటినా పాట చెక్కుచెదరలేదు. నాన్నగారు స్టీరింగు మీద తాళం వేస్తున్నారు. రెండో పాట నడుస్తుండగా నా మెడ వెనక ఎవరో మాట్లాడారు.

తిరిగి చూశాను. అద్దం, అద్దం అవతల మేము లేపిన దుమ్ము. పాట ఎడమ స్పీకర్లోంచి వస్తోంది. కుడి స్పీకర్లో మాత్రం ఒక ఆడగొంతు. మాటల్ని బయటికి వదులుతున్నట్టు లేదు, లోపలికి పీల్చుకుంటున్నట్టుంది. ఒక్కో మాట సన్నగా మొదలై, ఉబ్బి, ఠక్కున తెగిపోతోంది. తెలుగు కాదు. నాకు తెలిసిన ఏ భాషా కాదు. గొంతు మాత్రం తెలుసు.

నాన్నగారు ప్లేయరు మీదికి చెయ్యి చాపారు. అమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఆపకండి. అది చెల్లాయి."

"పాత ప్లేయరు గదా, ఏదో గోల చేస్తంది" అన్నారు నాన్నగారు.

"పక్కింట్లో విన్నప్పుడు ఈ గొంతు లేదు, పాటలే ఉన్నయి. ఇప్పుడు మాట్లాడతంది. భాషల్లో మాట్లాడతంది, వినపడట్లా మీకు?"

నాన్నగారు వేళాకోళం ఆడలేదు. పామర్రు వచ్చేదాకా అద్దంలోకి కూడా చూడకుండా కారు నడిపారు.

ఆ రోజు నుంచి అమ్మ కారు షెడ్డులోనే ఉండేది. మిట్టమధ్యాహ్నం, వీధిలో పిట్ట కూడా తిరగని వేళ, వెనక సీట్లో కూర్చుని కుడి స్పీకరు వైపు తల వాల్చి వినేది. మధ్యమధ్య "ఊఁ" అనేది. ఒక్కోసారి "ఆమెన్" అనేది. ఎదుటి మనిషి చెప్పింది అర్థమైనప్పుడు ఊపినట్టే తల ఊపేది. వంటింటి కిటికీలోంచి ఆ తల కనపడుతుంటే నాకు అన్నం దిగేది కాదు. బ్యాటరీ దిగిపోతే నాన్నగారు కిక్కురుమనకుండా చార్జింగు పెట్టించుకొచ్చేవారు. కారు మీద అంత ప్రాణం పెట్టుకున్న మనిషి, ఒక వారం పామర్రుకు బస్సులో వెళ్ళారు.

చివరికి నాకు ఒళ్ళు మండింది. దయ్యం మీద కాదు, పిన్ని మీద. పోయినదానివి పోక అమ్మను కూడా పట్టుకుపోతావా అనిపించింది. అమ్మ గుడిలో స్త్రీల కూడికకు వెళ్ళిన మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళి కారెక్కి కూర్చున్నాను. క్యాసెట్ బయటికి లాగాను. టేపంతా పీకి పారేద్దామనే వెళ్ళాను. చేతులు రాలేదు. అదే కోపంతో తిప్పి రెండోవైపు పెట్టి, నువ్వు ఎంతసేపు నోరు మూసుకుంటావో చూస్తానని కూర్చున్నాను.

చాలాసేపు బుస్సుమనే చప్పుడే. షెడ్డు రేకు ఎండకు టకటకమంటోంది. ఇక లేద్దామనుకుంటుండగా ఎడమ స్పీకర్లోంచి పిన్ని గొంతు వచ్చింది. తెలుగే. శుభ్రమైన మా ఇంటి తెలుగు. ఆ వెనక కుడి స్పీకర్లో, ఆ సంఘం వాళ్ళ పాట వెనకనుంచి ముందుకు పీల్చుకుంటూ పోతోంది.

అప్పుడు తెలిసింది. టేపు మీద రెండు వైపులూ పక్కపక్కనే ఉన్న రెండు దారులు, ఒకటి పోయే దారి, ఒకటి వచ్చే దారి. ఒక దారినే చదవాల్సిన మా ప్లేయరు కాస్త ఒరిగి పక్కదారిని కూడా చదువుతోంది, అందుకే ఆ మాటలు తలకిందులుగా వస్తున్నాయి. అంతే. ఆత్మా లేదు, భాషలూ లేవు. ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. నవ్వుతూనే పిన్ని ఏమంటోందో విన్నాను.

"అక్కా, ఇది పలుకుతుందో లేదో. మొన్న నువ్వొచ్చి బెజవాడ వచ్చెయ్యమంటే నిన్ను కసురుకున్నా. ఏమనుకోకే. ఇక్కడ ఒక్కదాన్నే ఉండలేకపోతన్నా. వచ్చేస్తా. దీపావళి సెలవులకి బావగార్ని కారేసుకుని రమ్మను. నవ్వకుండా రమ్మను. చూస్తంటా."

ఆ దీపావళికి కారు ఈ షెడ్డులోనే ఉంది. ఉప్పెన దీపావళి వెళ్ళాక వచ్చింది.

ఈ మాట వింటే అమ్మ బతకదు అనుకున్నాను. క్యాసెట్ గబగబా మళ్ళీ పాటల వైపు తిప్పి పెడుతుండగా గేటు చప్పుడైంది. అమ్మ బైబిలూ గొడుగూ చేత్తో పట్టుకుని సరాసరి షెడ్డులోకి వచ్చింది. వెనక సీట్లో నా పక్కన కూర్చుంది.

"పెట్టు" అంది.

పెట్టాను. పాట, పాట పక్కన ఆ గొంతు. అది ఏమంటోందో ఇప్పుడు నాకు తెలుసు. తెలిశాక మరింత భయం వేసింది. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. కాసేపటికి కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"అర్థం తెలిసిందే" అంది.

"ఏంటమ్మా?"

"కారు తీసుకు రమ్మంటంది."

ఆమె గేటు తీయడం నా చెవులతో విన్నాను. నేను రెండోవైపు వింటున్నప్పుడు ఆమె అక్కడ లేదు. నేను ఎవరితోనూ అనలేదు. ఎలా తెలిసిందో ఈనాటికీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ అడిగితే నాన్నగారు తాళాలు తీసుకున్నారు. పామర్రు, చల్లపల్లి దాటి వెళ్ళాం. పిన్ని ఊరు ఉన్నచోట తలలు తెగిన తాటిచెట్లు, ఉప్పు పేరిన నేల ఉన్నాయి. బడి పక్కన ఆమె ఇంటి అరుగు మాత్రం మిగిలింది. అమ్మ కారు దిగి ఆ అరుగు దాకా వెళ్ళి వచ్చింది. వెనక తలుపు తీసి పట్టుకుంది.

"అటు జరగవే" అంది నాతో.

జరిగాను. ఒక మనిషి వంగి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఎక్కి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. మెల్లగా మూసి, వెళ్ళి ముందు కూర్చుంది. చల్లపల్లి వచ్చేదాకా నేను ఆ పక్కకు తల తిప్పలేదు. చల్లపల్లిలో అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఏడాదిగా ఆపుకున్నదంతా వెక్కివెక్కి ఏడ్చింది. నాన్నగారు కారు పక్కకు ఆపి, ఆమె తల మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

పామర్రు దగ్గర కళ్ళు తుడుచుకుని, "అయ్యగారితో చెప్పండి, కూడిక పెట్టుకుందాం" అంది. తర్వాత వెనక్కి తిరిగి, చాలా కాలానికి నన్ను నన్నుగా చూసింది.

"ఈ మాటేదో బతికుండగానే చెప్పుంటే, పరిగెత్తుకెళ్ళి తీసుకొచ్చేవాళ్ళం గదే?" అంది.

"అవునమ్మా, తీసుకొచ్చేవాళ్ళం" అన్నాను.