రెండు నిమిషాల టోస్టు

టైలరు మావయ్య నోట్లోంచి "రెండు నిమిషాలు" అనే మాట వచ్చిందంటే, విన్నవాళ్ళు చెప్పులు విప్పి స్థిమితంగా కూర్చోవడం మంచిది. ఆ రెండు నిమిషాల్లో ఆయన చేస్తాననేది ఒక్క టోస్టు. నూనె చుక్క లేకుండా కాల్చిన బ్రెడ్డు మీద గట్టి పెరుగు, కీర, టమాటా, పైన కాస్త మిరియాల పొడి. ఒంటికి మంచిది, చిటికెలో అయిపోతుంది అనేవాడు. అది పళ్ళెంలోకి వచ్చేసరికి ఎదురుచూసేవాడి ఆకలి పుట్టి, పెరిగి, చచ్చేది.

షాపులో ఆయన చేతులు అలా ఉండేవి కావు. కత్తెర పట్టాడంటే గుడ్డకి తెలిసేలోపు చొక్కా అయిపోయేది. వంటింట్లో మాత్రం మెళ్ళో టేపు తీసి కీర ముక్కల్ని కొలిచేవాడు.

"కీరకి చొక్కా కుడతారా ఏంటండీ?" అనేది అత్తయ్య.

"బిగుతైతే మళ్ళీ విప్పాల్సొస్తుందే!"

ఓ సాయంత్రం ఆయన చిన్న మేనకోడలు బ్యాగుతో ఊడిపడింది. అక్కతో ఒకే గదిలో ఇక ఉండదట. తన కొత్త చొక్కా అడక్కుండా వేసుకెళ్ళి టీ మరక చేసుకొచ్చిందట అక్క. పైగా "ఏడిశావులే, ఉతికితే పోతుంది" అందట.

"హాస్టల్‌కి పోతున్నా మావయ్యా. ఏడింటిలోపు చేరకపోతే నా మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"వెళ్ళు, వద్దన్నదెవరు? రెండు నిమిషాలు. ఓ టోస్టు తిని పో."

ఆ మాటకే చిన్నదానికి నీరసం వచ్చింది.

మావయ్య బ్రెడ్డు అంచులు కత్తిరించాడు. తృప్తి లేక మళ్ళీ కత్తిరించాడు. పెరుగుని గుడ్డలో మూటకట్టి కొక్కేనికి వేలాడదీశాడు.

"అందులో నీళ్ళు ఎప్పటికి కారతాయి?"

"కారినప్పుడు."

అంతలో "అయ్యో, టమాటా!" అంటూ పెరట్లోకి పోయి ఫోన్ చేశాడు. "ఒక్క టమాటా తక్కువైంది. ఉన్నపళంగా పట్రా" అనడం లోపలికి వినిపించింది.

"కూరగాయల కొట్టుకా?"

"ఆఁ. ఊఁ, చెప్పు, మీ అక్క సంగతి."

"నేనంటే లెక్కే లేదు దానికి."

"పరమ దుర్మార్గురాలు. మనసన్నదే లేదు."

"మరీ అంత కాదులే," అంది చిన్నది. "మొన్న నాకు జ్వరమొస్తే తెల్లార్లూ పక్కనే కూర్చుంది."

తలుపు చప్పుడైంది. గుమ్మంలో అక్క. చెదిరిన జుట్టు, చంకలో దిండు, చేతిలో టమాటా.

"దిండు మర్చిపోయావే. ఇది లేకపోతే నీకు నిద్ర పట్టదుగా," అంది రొప్పుతూ. "చొక్కా ఉతికా. మరక పోలేదు. నా నీలంది తీసుకో."

"ఆ టమాటా ఏంటి?"

"ఏమో, మావయ్య పట్రమ్మన్నాడు."

చిన్నది వెళ్ళి ఫ్రిజ్ తీసి చూసింది. బుట్టెడు టమాటాలు ఎర్రగా నవ్వుతున్నాయి.

"నాకూ ఆకలేస్తోంది మావయ్యా," అంది అక్క.

మావయ్య చేతులు ఆడాయి. చిన్నది ఫ్రిజ్ తలుపు మూసి వచ్చేసరికి అక్క ముందు టోస్టు సిద్ధం.

"దానికైతే ఇంత చప్పున అయిందేం?"

"దానిది ఆకలి టోస్టు. నీది కోపం టోస్టు అమ్మడూ, సన్న సెగ మీదే కాలాలి."

గోడ గడియారం ఏడు దాటింది. మావయ్య తప్ప ఎవరూ దాని వంక చూడలేదు.

ఇప్పుడు మావయ్య లేడు. అక్కాచెల్లెళ్ళకి చెరో ఇల్లు. పోట్లాటలకి మాత్రం లోటు లేదు. మాటలు మానేసిన కొన్నాళ్ళకి ఎవరో ఒకరు టమాటా పట్టుకుని రెండోవాళ్ళ తలుపు కొడతారు. తీసినవాళ్ళు ముడిచిన మూతి విప్పరు.

"రెండు నిమిషాలు, కూర్చో," అని లోపలికెళ్ళి, పెరుగు గుడ్డలో మూటకడతారు.