ఒక మలుపు ముందు

మా అమ్మమ్మ చేరకముందే చేరేది. నవ్వకండి, రికార్డు ఉంది. లోకంలో ఉన్న అంబులెన్సు డ్రైవర్లందరినీ ఒక గీత మీద నిలబెట్టి ఈల వేస్తే, మిగతావాళ్ళు తాళంచెవి వెతుక్కునేలోపు మా అమ్మమ్మ రోగిని దించేసి, బండి కడిగేసి, టీ తాగి, ఆ టీ బాగాలేదని కొట్టువాడితో గొడవ కూడా పెట్టుకునేది. విమానాలు నడిపేవాళ్ళు దారి తప్పితే కిందికి దిగి ఆవిడనే అడిగేవాళ్ళు. అబద్ధమైతే నా నాలుక కోసేయండి. అది ఎప్పుడు పోతుందా అని మా ఇంట్లో ఎలాగూ ఎదురుచూస్తున్నారు.

మనిషి చూస్తే జానెడు. సీటు మీద రెండు దిండ్లు వేసుకుంటే గాని స్టీరింగు పైనుంచి రోడ్డు కనిపించేది కాదు. ఎదురుగా వచ్చేవాళ్ళకి బండి దానంతట అదే వస్తున్నట్టు ఉండేది. ఆ అంబులెన్సుల ఆఫీసులో డ్రైవరుగా చేరిన మొదటి ఆడమనిషి ఆవిడే. ఎదురుగా అయితే "డ్రైవరమ్మ" అనేవారు, వెనకాల "దిండ్లమ్మ" అనేవారు. రెండూ ఆవిడకి తెలుసు. ఆ రెండో పేరు పెట్టినవాడి సైకిలు మీదుగా ఒకసారి అంబులెన్సు రివర్సు చేసిందని చెప్పుకుంటారు. అడిగితే ఒప్పుకోదు, కానీ మూతి బిగించి నవ్వు ఆపుకుంటుంది.

ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది. తాతయ్య నడుము విరిగి మంచం పట్టి అప్పటికి నాలుగేళ్ళు. మా అమ్మ ఆరో తరగతి. అందుకని ఆ ఉద్యోగం అంటే ఆవిడకి ప్రాణం అనడం చాలా తక్కువ మాట. జ్వరం వస్తే జ్వరాన్ని కూడా బండెక్కించుకుని పోయేది గాని సెలవు పెట్టేది కాదు.

బండిలో పక్క సీటు సూదిది. సూది అంటే మనిషే. రోగికి మందు ఎక్కించడం, ఆక్సిజన్ పెట్టడం, కట్టు కట్టడం అతని పని. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు కాబట్టి కూడా ఆ పేరు అతికినట్టు సరిపోయింది. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. అమ్మమ్మని "అక్కా" అని పిలిచేవాడు. ఏడేళ్ళు ఇద్దరూ ఒకే బండిలో తిరిగారు, ఒకే కారియర్ లోంచి తిన్నారు. అతనికి ఉన్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు, ఉన్నది ఉన్నట్టు రాయడం. రోగిని ముట్టుకోగానే చేతి గడియారం చూసి కాగితం మీద టైము వేసేవాడు. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు.

"ఒరేయ్ సూదీ, నువ్వు యముడి దగ్గర గుమాస్తాగా పుట్టాల్సినవాడివిరా" అనేది అమ్మమ్మ.

"నువ్వు ఇలాగే తోలితే తొందర్లోనే ఆ ఉద్యోగంలో చేరతానక్కా" అనేవాడు సూది, డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుని.

అంతా బాగానే ఉంది. అప్పుడొచ్చింది తెర.

పలక అంత తెర. ఇనప చెయ్యి మీద, రెండు సీట్ల మధ్య బిగించారు. అంతకుముందు కంట్రోల్ రూమువాళ్ళు మైకులో అరిచేవారు, వీళ్ళూ మైకులో అరిచేవారు. ఇప్పుడు చిరునామా చప్పుడు చెయ్యకుండా తెర మీద పడేది. కింద నాలుగు బటన్లు: బయల్దేరాను, చేరాను, ఎక్కించాను, దించాను. ఏది నొక్కితే ఆ టైము ఆఫీసు కంప్యూటర్లో ఎక్కిపోయేది. ఆ మొదటి రకం తెరలకి బండి ఎక్కడుందో తెలిసేది కాదు. మనం నొక్కిందే వాటికి నిజం.

అమ్మమ్మ దానికి ఆడపడుచు అని పేరు పెట్టింది. "పక్కనే కూర్చుని, ఇటు పుల్ల తీసి అటు పెట్టకుండా, నేనెప్పుడు లేచానో ఎప్పుడు కూర్చున్నానో అత్తగారికి మోసే మనిషిని ఇంకేమంటార్రా?"

రూలు ప్రకారం బండి కదులుతుంటే డ్రైవరు దాన్ని ముట్టుకోకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళే నొక్కాలి. మొదటి వారం సూదే నొక్కాడు. బండి ఆగి, చక్రాలు నిలిచి, తలుపు తీసి, ఒక కాలు నేల మీద పెట్టాక అప్పుడు "చేరాను" నొక్కేవాడు. ఆఫీసులో ఒక పెద్ద సారు ఉండేవాడు, అందరూ గడియారం సారు అనేవారు. రోజూ పొద్దున్న డ్రైవర్లని వరసగా నిలబెట్టి తెరలు పంపిన టైములు పైకి చదివేవాడు. కేసు పడ్డాక చేరడానికి ఎనిమిది నిమిషాలు దాటినవాళ్ళు ఒక అడుగు ముందుకి వెయ్యాలి. ఆ వారంలో అమ్మమ్మ నాలుగుసార్లు ముందుకి వేసింది.

"ఏమ్మా డ్రైవరమ్మా, దిండ్లు సర్దుకునేసరికి ఆలస్యమైపోతోందా?" అన్నాడు సారు. వరసంతా నవ్వింది. "వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే బండి ఇంకొకరికి ఇచ్చి నిన్ను ఇంటికి పంపిస్తాను."

మిగతావాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారో ఆరోజు షెడ్డులో ఒక ముసలి డ్రైవరు చెప్పాడు. "పిచ్చితల్లీ, చేరాక నొక్కుతారా ఎవరైనా? ఆఖరి మలుపులో నొక్కెయ్. మలుపు తిరిగితే చేరినట్టేగా."

మర్నాటి నుంచి సూది చేతిని పక్కకి నెట్టేసి అమ్మమ్మే నొక్కడం మొదలుపెట్టింది. ఎడమచేతి బొటనవేలితో, కన్ను రోడ్డు మీంచి తియ్యకుండా. మొదట్లో ఆఖరి మలుపులో నొక్కేది. తర్వాత దానికి ముందు మలుపులో. కొన్నాళ్ళకి ఏ వీధికి ఎక్కడ నొక్కితే ఏడో నిమిషం పడుతుందో ఆ వేలికే తెలిసిపోయింది. మూడు నెలలు ఒక్కసారి కూడా ఎనిమిది దాటలేదు. గడియారం సారు వరస ముందు నిలబెట్టి మెచ్చుకున్నాడు. చేరకముందే చేరేదని నేను ఊరికే అన్నానా?

"ఇది తప్పక్కా" అనేవాడు సూది.

"తప్పు కాదురా, తొందర" అనేది అమ్మమ్మ.

ఆ తెరల్లో ఇంకో సంగతి ఉంది. గుండెనొప్పి లాంటి పెద్ద కేసు వస్తే కంప్యూటరు రెండు వైపుల నుంచి రెండు బండ్లని పంపేది. ఏది ముందు "చేరాను" అంటే అది పేషెంటుని చూసుకుంటుంది కాబట్టి, రెండోదాన్ని వెనక్కి పొమ్మనేది. ఈ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు. ఒక మలుపు దూరంలో ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం కేసు పడింది. బట్టలు కుట్టుకునే మనిషి, యాభై దాటిన ఆవిడ, మిషను మీదే ఒరిగిపోయిందట. ఇరుకు వీధి, మూడో అంతస్తు. రెండో బండి అవతలి కొసనుంచి వస్తోంది. అమ్మమ్మ మామూలుగానే తోలింది, అంటే ఎదురొచ్చినవాళ్ళకి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా. ఏడో నిమిషంలో పెద్ద రోడ్డు మీంచి మలుపు తిరుగుతూ బొటనవేలు ఆనించింది. చేరాను.

మలుపు తిరిగితే వీధికి అడ్డంగా లారీ. ఇనప చువ్వలు దింపుతున్నారు. సగం కిందున్నాయి, సగం గాల్లో వేలాడుతున్నాయి. వెనక్కి పోదామంటే అప్పటికే వెనక రెండు కార్లు, ఒక వ్యాను వచ్చి ఆనుకున్నాయి.

"తియ్యవయ్యా బాబూ! అక్కడ మనిషి పోతోంది!"

"రెండే రెండు నిమిషాలమ్మా. ఈ కట్ట మధ్యలో వదిలేస్తే నలుగురు పోతారు" అన్నాడు లారీ అతను. పాపం, అదీ నిజమే.

తెర మీద రెండో బండి పేరు ఆరిపోయింది. దాన్ని వెనక్కి పంపేశారు. సూది అది చూశాడు.

"అక్కా, మైకు తియ్యి. మనం ఇంకా చేరలేదని చెప్పు. వాళ్ళు ఆ కొసనే ఉన్నారు, తిరిగి వచ్చేస్తారు."

"ఉండరా, తీస్తున్నాడుగా."

"తియ్యట్లేదక్కా!"

"చేరానని నొక్కి, చేరలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు? రేపు పొద్దున్న వరసలో నా బదులు నువ్వు నిలబడతావా?"

సూది మైకు కోసం చెయ్యి చాపాడు. అమ్మమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

ఇంకో రెండు నిమిషాలు చూసి, సూది సంచి భుజాన వేసుకుని, సిలిండరు చంకలో పెట్టుకుని, చువ్వల మీద నుంచి ఎక్కి దిగి పరిగెత్తాడు. వీధి ఈ కొసనుంచి ఆ కొస దాకా. ఆ పైన మూడంతస్తుల మెట్లు. అతను గదిలో అడుగుపెట్టేసరికి పదహారో నిమిషం. మిషను కింద సగం కుట్టిన జాకెట్టు చెయ్యి అలాగే ఉంది. ఆవిడ చెల్లెలు అట్టముక్కతో విసురుతోంది, విసరడం వల్ల లాభం లేదని అప్పటికి ఆవిడకి తెలియదు. సూది అరగంట ఆ గుండె మీద నొక్కాడు. ప్రాణం రాలేదు. మోకాళ్ళ మీద కూర్చునే కాగితం తీసి, తను ముట్టుకున్న టైము వేశాడు. పదహారు.

నాలుగోరోజు విచారణ. పొడుగాటి బల్ల, అవతల గడియారం సారు, ఇంకో ఇద్దరు. ఇవతల అమ్మమ్మ, సూది, పోయినావిడ చెల్లెలు.

"తెర ప్రకారం ఏడో నిమిషంలో చేరారు. నీ కాగితం ప్రకారం పదహారో నిమిషంలో పేషెంటుని చూశావు" అన్నాడు సారు. "ఆ తొమ్మిది నిమిషాలు ఏం చేశావు?"

"లారీ అడ్డమొచ్చిందండీ. బండి అసలు చేరలేదు."

"చేరిన బండికి లారీ ఎలా అడ్డమొస్తుందయ్యా?"

"చేరకముందే నొక్కేశామండీ."

"ఎవరు నొక్కారు? నొక్కాల్సింది నువ్వేగా?"

సూది తల తిప్పి అమ్మమ్మని చూశాడు. ఆవిడ పేరు చెప్పలేదు. ఆవిడే చెప్తుందని చూశాడు. అప్పటికీ అతనికి ఆ నమ్మకం ఉంది.

"ఏమ్మా, నువ్వు నొక్కావా?" అని అడిగాడు సారు. డ్రైవర్లందరూ ఏం చేస్తున్నారో ఆయనకి తెలియక కాదు. మూడు నెలలుగా ఆ టైములు చూపించి పైవాళ్ళ దగ్గర మెప్పు కొట్టేస్తున్నది ఆయనే.

అమ్మమ్మ లెక్క వేసుకుంది. నిజం చెప్తే తన బండి పోతుంది. మంచం మీద ఒకరు, బడిలో ఒకరు. చెప్పకపోతే సూది బతుకు పోతుంది. లెక్క చాలా తేలిక, అందుకే భయమేసింది.

"బండి కదులుతుంటే డ్రైవరు దాన్ని ముట్టుకోకూడదండీ" అంది. "రూలు."

వెతికి చూడండి, ఆ మాటలో ఒక్క అబద్ధం దొరికితే చెప్పండి. చదువు లేదని మా అమ్మమ్మని తక్కువ అంచనా వెయ్యకండి.

"అక్కా" అన్నాడు సూది. అంతే.

బయటికి వచ్చాక పోయినావిడ చెల్లెలు సూది చొక్కా పట్టుకుంది. "కింద బండిలో కూర్చుని తొమ్మిది నిమిషాలు బీడీ కాల్చావా? మా అక్క నీ కోసం మెట్ల వైపే చూస్తూ పోయిందిరా!" అని మొహాన ఉమ్మింది. అమ్మమ్మ పక్కనే ఉంది. చేతిసంచి లోంచి రుమాలు తీసి సూదికి ఇచ్చింది. అతను తీసుకోలేదు, చేత్తో తుడుచుకున్నాడు.

సూదిని తీసేశారు. నిర్లక్ష్యం అని కాగితం మీద రాసి మరీ తీసేశారు కాబట్టి ఏ ఆసుపత్రీ మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఒక దుకాణం ముందు బండ్లు నిలబెట్టించే పనిలో కుదిరాడు. పెద్దకూతురు చదువు ఆపి ఫోన్ల షాపులో కూర్చుంది. ఆ ఏడాది అందరికన్నా మంచి టైములు అమ్మమ్మవే. గడియారం సారు అద్దం కట్టించిన కాగితం ఒకటి ఇచ్చి చప్పట్లు కొట్టించాడు.

సూదిని తీసేసిన రెండు నెలలకి అమ్మమ్మ పళ్ళు కొనుక్కుని అతని ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన అతని భార్య మొహం చూసి లోపలికి పోయింది. సూది మాత్రం "కూర్చో అక్కా" అని కుర్చీ తుడిచి వేశాడు, మంచినీళ్ళు తెచ్చాడు.

"నేను చెప్పుంటే నా బండి పోయేదిరా" అంది అమ్మమ్మ.

"అవునక్కా."

"మీ బావ మంచంలో ఉన్నాడు."

"తెలుసక్కా."

"తిట్టరా, కనీసం తిట్టు."

"నీ బస్సుకి టైమవుతోందక్కా" అన్నాడు సూది.

బయటికి వచ్చి చూస్తే పళ్ళ సంచి ఆవిడ చెప్పుల పక్కన పెట్టి ఉంది. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు.

ఆ తర్వాతైనా ముందు నొక్కడం మానేసిందా అంటే, మానలేదు. బండి ఎక్కడుందో కనిపెట్టే కొత్త తెరలు వచ్చేదాకా ఇంకో ఆరేళ్ళు అలాగే, ఒక మలుపు ముందు నొక్కుతూనే వచ్చింది. మా అమ్మ చదువు పూర్తయింది, పెళ్ళయింది, నేను పుట్టాను. ఆవిడ రిటైరై నా జుట్టు పట్టుకుని ఎక్కాలు చెప్పే పనిలో కుదురుకుంది. ఈ కథ ఒక్కసారిగా చెప్పలేదు. నెలకో ముక్క చొప్పున, అదీ కోపంలో ఉన్నప్పుడు, తిట్ల మధ్యలో చెప్పింది.

మొన్న అన్నాలయ్యాక అడిగాను. "అమ్మమ్మా, మళ్ళీ ఆ గదిలో నిలబెట్టి అడిగితే, ఈసారైనా నేనే నొక్కానని చెప్తావా?"

కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను నిదానంగా చూసింది.

"చెప్పను" అంది. "అడగడం అయిపోతే లేచి ఆ గిన్నెలు తోము."