సైటు అమ్ముడుపోయిన నాడు నేను పోయాను

నేను ఒకసారి చచ్చిపోయాను. కంగారు పడకండి, ఒక్క పూటే. కానీ ఆ ఒక్క పూటలోనే మా అమ్మానాయనల్ని దుత్తలూరు నుంచి, మా మేనమామను ఉదయగిరి నుంచి ఏడిపించుకుంటూ ఆత్మకూరు దాకా రప్పించాను. ఇంత ఘనకార్యానికి నేనేమీ మందు తాగలేదు, లారీ కింద పడలేదు. ఫోన్లో ఒక బొమ్మ పెట్టాను, అంతే.

అప్పట్లో ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు టైపింగ్ నేర్పేవాణ్ణి. బస్టాండు వెనక వీధిలో రమణమ్మక్క ఇంటి మేడ మీద నా గది. ఇంతకంటే మంచి ఉద్యోగం దొరక్కపోతుందా అని, ఉద్యోగస్తులంతా ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటొకటి ఇంటర్నెట్లో ఉంటే అందులో చేరాను. చేరడమంటే మామూలుగా చేరలేదు. ఫోటో స్టూడియోలో మేకుకు వేలాడుతున్న కోటు తొడుక్కున్నాను. అది నాకూ, నాలాంటి ఇంకొకడికీ కలిపి సరిపోయేంత ఉంటే, స్టూడియో ఆయన వెనకనుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించాడు. ఆ ఫోటో కింద ‘సాంకేతిక రంగ నాయకుడు’ అని ఇంగ్లీషులో రాసుకున్నాను. నా నాయకత్వంలో ఉన్న కంప్యూటర్లలో సగం ఆన్ అయ్యేవి కావు. అది రాయలేదు.

అలాంటి సైటును ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసిందని ఒక ఆదివారం పొద్దున వార్త వచ్చింది. ఇక చూడండి, జనం రాసిన రాతలు! ఇది కొత్త యుగమని ఒకాయన. ఉన్నదాన్ని కూడా పాడు చేస్తారని ఇంకొకాయన. మా వివరాలన్నీ ఎవరి చేతిలో పెట్టారని ఒకావిడ నిలదీత. ఎవరికి తోచింది వాళ్ళు రాస్తుంటే సాంకేతిక రంగ నాయకుణ్ణి నేను ఊరుకుంటానా? నా రక్తం కుతకుత ఉడికిపోయింది.

“నీదేం పోయిందిరా?” అన్నాడు ఖాదర్. నాతో పాటు సెంటర్లో పనిచేసేవాడు, నా ప్రాణస్నేహితుడు.

“నా ఫోటో, నా చదువు, నా ఫోన్ నంబరు, అన్నీ వాడి చేతికి పోయినాయి. నన్నొక మాట అడిగినారా?”

“ఆ సైటోడు ఇన్నాళ్ళలో నీకొక ఉద్యోగమన్నా చూపించినాడా?”

“లేదు.”

“అయితే కొన్నోడు గదరా ఏడవాల్సింది? నువ్వెందుకు?”

ఇంత మంచి మాట చెవికెక్కే వయసు కాదు నాది. ఆ సైటుకు శ్రద్ధాంజలి ఘటించాలని నిర్ణయించుకున్నాను. సైటులో నా పేజీని బొమ్మగా తీసి, దానికి బంతిపూల దండ వేసి, రెండు పక్కలా రెండు దీపాలు వెలిగించాను. కింద తెలుగులో, పెద్ద అక్షరాలతో: ‘ఇన్నాళ్ళూ మాతో ఉండి, ఇంతలోనే వెళ్ళిపోయావా? నిన్ను మరువలేము. కన్నీటి నివాళి.’

దండ నిండుగా కుదిరింది. ఎంత నిండుగా అంటే, పైనున్న సైటు పేరు మొత్తం పూల కింద పడిపోయింది. మిగిలింది కోటు వేసుకున్న నా ముఖమూ, నా పేరూ. ఈ సంగతి మీకు ఇప్పుడు వెంటనే అర్థమైంది గదా? నాకు ఆ రోజు కాలేదు. సైటులో ఒకసారి, ఫోన్ స్టేటస్‌లో ఒకసారి ఆ బొమ్మ పెట్టి, ఖాదర్ బండెక్కి సోమశిలకు చేపల పులుసు తినడానికి వెళ్ళిపోయాను.

సోమశిల చేరేలోపే నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఖాదర్ ఫోన్ తన గదిలోనే మరిచిపోయి వచ్చాడు. పులుసు అద్భుతంగా ఉంది. రిజర్వాయరు గట్టు మీద కూర్చుని, ఈ కాలంలో మనిషి వివరాలకు విలువే లేకుండా పోయిందని ఖాదర్‌కు వివరిస్తూ సాయంత్రం దాకా గడిపాను. వాడు మధ్యలో కాసేపు నిద్రపోయాడు కూడా.

దుత్తలూరులో జరిగింది తర్వాత తెలిసింది. మా అమ్మ మధ్యాహ్నం జీవాలకు నీళ్ళు పెట్టి వచ్చి, కాస్త నడుం వాలుస్తూ ఫోన్ తెరిచింది. చుట్టాల స్టేటస్‌లన్నీ చూడందే ఆమెకు కునుకు పట్టదు. తెరవగానే కొడుకు ముఖం, దండ, దీపాలు, కన్నీటి నివాళి. ఆమె కేక విని నాయన దొడ్లోంచి పరుగెత్తుకొచ్చాడు. నాకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఖాదర్‌కు చేస్తే మోగుతుంది గానీ ఎత్తడు.

నాయనకు ఒక అనుమానం వచ్చిందట. వెంటనే ఉదయగిరిలో ఉన్న మాలకొండయ్య మామకు ఫోన్ చేసి, “బావా, పోయినోడు వాడి ఫోటో వాడే ఎట్టా పెడతాడు?” అని అడిగాడట.

“వాడి ఫోన్ నుంచి ఆ ఖాదర్ పెట్టుంటాడు బావా,” అన్నాడట మామ. దాంతో ఉన్న ఆ కాస్త ఆశా పోయింది.

ఈ మామ గురించి ఒక మాట చెప్పాలి. అప్పటికి ఏడాదిగా మా ఇద్దరికీ మాటల్లేవు. వింజమూరులో ఒక ఎరువుల కొట్లో ఆయన నన్ను పనికి పెట్టిస్తే, చదువుకున్నవాడు మూటలు లెక్కపెట్టడమేంటని రెండో రోజే చెప్పకుండా వచ్చేశాను. ‘వాడు నా గడప తొక్కితే ఊరుకోను’ అని ఆయన, ‘తొక్కితే గదా’ అని నేను, మా అమ్మ ద్వారా కబుర్లు పంపుకున్నాం.

చీకటి పడే వేళకు మేం ఆత్మకూరు చేరాం. ఖాదర్ నన్ను వీధి మొదట్లో దించేసి వెళ్ళిపోయాడు. రమణమ్మక్క ఇంటి ముందు జనం, అద్దె కుర్చీలు, లోపలినుంచి ఏడుపులు. రమణమ్మక్క భర్తకు ఆయాసం. ఆయనకే ఏదో అయిందనుకుని, హెల్మెట్ కూడా తీయకుండా వెళ్ళి, వెనక కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయనను మెల్లగా అడిగాను.

“ఎవురు పోయినారు పెద్దాయనా?”

“ఎవురో పెంచలయ్యంట. చిన్నవయసే.”

మా జిల్లాలో వీధిలో నిలబడి పెంచలయ్యా అని పిలిస్తే నలుగురు పలుకుతారు. నా పేరువాడే, పాపం, అనుకున్నాను గానీ నేనే అనుకోలేదు.

“ఎట్టా పోయినాడు?”

“కంప్యూటర్ ముందర కూర్చోనుండగా పోయినాడంట. దాంట్లోనించి కరెంటు కొట్టిందంటారు. శవం ఇంకా ఆసుపత్రి నించి రాలేదంట.”

“అయ్యో! మంచోడేనా?”

“బంగారంట. మూటలు మొయ్యమన్నా కాదనేవాడు గాదంట. ఆ లోపల ఏడిచే మేనమామే చెప్పినాడు.”

నాకు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో గానీ ఎంత మంచివాడు, ఎంత అదృష్టవంతుడు, అలాంటి మేనమామ ఉన్నాడు అనుకున్నాను. అప్పుడు లోపలినుంచి ఆ మేనమామ గొంతు స్పష్టంగా వినిపించింది.

“ఎరువుల కొట్టు వద్దంటే పోనీలే అనుండకూడదా నేను? పిల్లోడు, వాడికేం తెలుసు? సంవత్సరం మాట్లాడకపోతిని గదరా పెంచలా!”

ఆ గొంతు నాకు తెలుసు. ఆ ఎరువుల కొట్టూ తెలుసు. హెల్మెట్ తీసి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. లోపల గోడకు ఆనుకుని అమ్మ కూర్చుని ఉంది. ఏడవడం కూడా లేదు. ఖాళీగా ఎటో చూస్తోంది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వు ఆగిపోతుంది.

“అమ్మా,” అన్నాను.

ఆమె లేచి వచ్చి ముందు నా ముఖం తడిమింది. తర్వాత చెంప పగలగొట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది, ఇక వదల్లేదు. నాయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. చూడనివ్వలేదనుకోండి, కదిలే భుజాలు కనబడ్డాయి.

మామ మాత్రం ఒక్క క్షణంలో తేరుకున్నాడు. “నువ్వు గాకపోతే పోయింది ఎవురురా?”

“సైటు మామా.”

“సైటా? నీకు సైటుండాదా! యాడ? ఎన్ని అంకణాలు?”

“ఆ సైటు కాదు మామా. ఫోన్లో సైటు. పెద్ద కంపెనీవోడు కొనేసినాడు.”

“రిజిస్ట్రేషన్ అయిపోయిందా? నీ సంతకం లేకుండా ఎట్టా కొంటాడు? పొద్దున్నే పోదాం పద, ఆఫీసులో నాకు తెలిసినోళ్ళుండారు.”

“స్థలం కాదు మామా! మా ఫోటోలు, పేర్లు ఉంటాయే, ఆ సైటు. అన్నీ కలిపి కొనేసినాడు.”

అమ్మ నా చెయ్యి ఇంకా గట్టిగా బిగించింది. “నిన్ను గూడా కలిపి అమ్మేసినారా నాయనా?”

పొద్దుటినుంచి ఖాదర్‌కు నేను గంటలకొద్దీ చెప్పిందీ అదే. “లేదమ్మా, ఈడనే ఉండాను గదా,” అన్నాను.

బయట కూర్చున్నవాళ్ళు లేచి, ఒక్కొక్కరూ నన్ను వింతగా చూసి వెళ్ళిపోయారు. రమణమ్మక్క ఎసరు పెట్టింది. అన్నం ఉడికేలోపు ఫోన్ చార్జింగ్ పెట్టాను. మామ పక్కకొచ్చి కూర్చున్నాడు. “ఆ సైటులో నీకు వందలమంది తెలిసినోళ్ళని మీ అమ్మ చెప్పేది. వాళ్ళేమన్నారు? ఏడ్చినారా?”

తెరిచి చూశాను. దండ వేసిన నా ఫోటో కింద బొటనవేళ్ళు, చప్పట్లు. కొందరు ఇంగ్లీషులో రాశారు కూడా. నేను తెలుగులోకి మార్చి చదివి వినిపించాను. ‘అభినందనలు.’ ‘నీ కొత్త ప్రయాణానికి శుభాకాంక్షలు.’ ‘నీకు ఇది ఎప్పుడో రావాల్సింది.’

మామ కడుపు పట్టుకుని, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, రమణమ్మక్క భర్తకు ఆయాసం వచ్చేదాకా ఆయన్నీ నవ్వించాడు. నాయన కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

“నా నెత్తిన చెయ్యి పెట్టు,” అంది.

“అమ్మా, ఇంకెప్పుడూ అట్టాంటి బొమ్మలు పెట్టను...”

“బొమ్మల సంగతి నాకెందుకు? ఇంకోసారి చావనని ఒట్టెయ్యి.”

అందరి ముందూ, అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, ఎంతో గంభీరంగా ఒట్టు వేశాను. ఈ రోజు వరకూ ఆ మాట తప్పలేదు.