జంజిబార్‌లో మా అత్తగారి మోకాళ్ళు

మా ఆయన చెప్పే కథ నమ్మకండి. దోహాలో ఎవరింట్లో భోజనాలైనా సరే, "జంజిబార్‌లో మా ఆవిడ దారి తప్పింది, ఓ ముసలావిడ నోరు మూయించింది" అని మొదలెడతారు. దారి తప్పించింది ఆయన. ఇక నా నోరంటారా, అది మూయించేవాళ్ళు ఇంకా పుట్టలేదు.

ఆ రోజుల్లో మాకు కొత్తగా పెళ్ళయింది, నా ఉద్యోగం అంతకన్నా కొత్త. మేనేజరుతో పోట్లాడి సెలవు తెచ్చుకున్నాను. "ఆదివారం పొద్దున సీట్లో లేకపోతే ఇక రానక్కర్లేదు" అన్నాడాయన. శనివారం విమానం వేళ దగ్గరపడుతున్నా మేమింకా పాత ఊరి సందుల్లోనే ఉన్నాం. ఎంత చక్కటి సందులో! చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. ఇత్తడి బొడిపెల తలుపులు, గాలి నిండా లవంగాల వాసన, ప్రతి ఇంటి ముందూ అరుగు. (దోహా గాజు మేడల ముందు కూర్చోడానికి ఒక్క మెట్టుంటే చూపించండి.) కానీ బస ఎటో తెలీదు, పాస్‌పోర్టులేమో అక్కడే.

ఓ అరుగు మీద ముసలావిడ కొబ్బరి కోరుతోంది. మస్కట్‌లో చుట్టాలున్నారట, అరబ్బీ వచ్చు. మా బస పేరు చెప్పి, "ఎక్కడ? యల్లా, యల్లా!" అన్నాను, దోహాలో డ్రైవర్లని తరిమే గొంతుతో.

ఆవిడ తలెత్తలేదు. "ఎలా ఉన్నావు?" అంది.

"బాగున్నా. మా బస..."

"మీ అమ్మ?"

"బాగుంది!"

"అత్తగారు?"

"బాగుంది, బాగుంది" అనేశారు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. "మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతుంటే బాగుండడమేంటండీ?" అని ఆయన్ని దులిపి, "మాఫీ జేన్, బాగాలేదు" అంటూ సందులో కుంటి మరీ చూపించాను.

ఆవిడ కొబ్బరి పక్కన పెట్టి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "మరి మీ అత్తగారో?" అన్నాను. మేడమీద కిటికీ చూపించింది. అందులోంచి ఇంకా ముసలి మొహమొకటి తొంగి చూస్తోంది! ఈవిడ కళ్ళు తిప్పింది. ఆ భాష నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఏమేవ్, ఫ్లైటు!"

"ఉండండి, మాట్లాడుతున్నాం కదా!"

తర్వాత ఆవిడే నా చెయ్యి పట్టుకుని బస దాకా నడిపించింది. దారిలో ఎదురైన ప్రతి ఆడమనిషికీ మా అత్తగారి సంగతి చెప్పింది, అందరూ అయ్యో అన్నారు. తలుపులు మూసే ముందు విమానమెక్కాం, ఆదివారం నేను సీట్లో ఉన్నాను. ఇక్కడ దోహాలో ఇన్నేళ్ళలో మా అంతస్తులో ఎవరూ నన్ను అత్తగారెలా ఉన్నారని అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

కానీ ఒక్కటి. వీడ్కోలప్పుడు ఆవిడ మా ఆయన్ని ఎగాదిగా చూసి, స్వాహిలీలో ఏదో అంది. దారిలో మా వెంట వచ్చిన ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఈయన కూడా అర్థమైనట్టు నవ్వారు పాపం. ఇంతకీ ఆవిడ ఏమని ఉంటుందంటారు?