చౌరస్తాలో ఫ్లెక్సీ, శిఖరం కింద నేను

ఆ పొద్దున టెంటు బయట కూర్చొని, బూటు లేసు కట్టుకోవడానికి వంగాను. తలెత్తేసరికి ఆయాసం, గుండె దడ. ఇంకా నాలుగడుగులు కూడా వేయలేదు, ఇదేం ఆయాసమనుకున్నాను. ముందురోజు నుంచే పొడిదగ్గు ఉంది. ఈ చలికి అందరూ దగ్గుతున్నారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మాది చేవెళ్ల. పాలీహౌస్‌లో జెర్బెరా పూలు పండిస్తాం. పూలు కొనడానికి వచ్చి స్నేహితురాలైపోయింది సుజాత. సొంతూరు కాకినాడ వైపు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో కాపురం. హిమాలయాల్లో ఒక పెద్ద ట్రెక్ చేయాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. నన్నూ అందులోకి లాగింది. ఆదివారాలు అనంతగిరి గుట్టలెక్కాం. అది చాలదని, పెద్ద ట్రెక్‌కు ముందు ప్రాక్టీసుగా మరికొందరితో కలిసి హిమాచల్‌లో ఒక శిఖరం ఎక్కడానికి బయల్దేరాం.

బయల్దేరకముందే ఒక ఘనకార్యం జరిగింది. మా మరిది నర్సింహకు రాజకీయాల పిచ్చి. మేం రైలెక్కకముందే చేవెళ్ల చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ‘హిమాలయ శిఖరాన్ని అధిరోహించిన మా వదినమ్మకు శుభాకాంక్షలు’ అని. పక్కన నా ఫొటో కంటే పెద్దగా తన ఫొటో.

“ఎక్కకముందే కట్టిస్తే ఎట్ల నర్సింహా?” అన్నాను.

“ఎక్కుతవు గద వదినా! ఫికర్ చెయ్యకు. నువ్వొచ్చినంక డప్పులతోని ఊరేగింపే” అన్నాడు.

పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయాను. ఆ మురిపెమే కొంప ముంచింది.

లేసు కట్టుకున్న కాసేపటికి గైడ్ వచ్చి అందరినీ అడిగాడు. “తలనొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే ఇప్పుడే చెప్పండి. కిందికి తీసుకెళ్లడానికి ఇక్కడ మనిషి ఉన్నాడు. పైకి పోయాక కష్టం.” మాట నోటిదాకా వచ్చింది. చౌరస్తాలో ఫ్లెక్సీ గుర్తొచ్చింది. బాగానే ఉన్నానన్నాను.

మధ్యాహ్నానికి అడుగు తీసి అడుగు వేయలేకపోయాను. కూర్చున్నా ఊపిరి అందడం లేదు. దగ్గితే గులాబీ రంగు నురగ పడింది.

సుజాత నా ముఖం చూసి హడలిపోయింది. “అక్కా, మీ పెదాలేంటి ఇలా నీలంగా అయిపోయాయి? పొద్దుటి నుంచీ ఇంతేనా? నాకెందుకు చెప్పలేదండీ?”

గైడ్ నా వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూశాడు. పోర్టర్లను పిలిచి వెంటనే కిందికి దించమన్నాడు. శిఖరం ఎదురుగా కనిపిస్తోంది. నువ్వు వెళ్లు సుజాతా అన్నాను. “నోరు మూసుకోండక్కా” అంది. పోర్టర్లు నన్ను వంతులవారీగా వీపున మోస్తుంటే, ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొని ఆ మంచులో నా పక్కనే దిగింది.

కింద ఆసుపత్రిలో ఎక్స్-రే తీశారు. “హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు” అన్నాడు డాక్టర్. ఆక్సిజన్ పెట్టారు, నిఫెడిపిన్ మాత్రలిచ్చారు. మెల్లగా ఊపిరి కుదుటపడింది.

హైదరాబాద్ వచ్చాక టూడీ ఎకో చేయించుకున్నాను. “గుండెలో పుట్టుకతోనే చిన్న రంధ్రం, పీఎఫ్‌వో అంటారు, ఉన్నదమ్మా. మామూలుగా ఏం కాదు. కానీ హై ఆల్టిట్యూడ్ ఇక మర్చిపోండి, రిస్క్ ఎక్కువ” అన్నాడు ఇక్కడి డాక్టర్. నాకు ఏడుపొచ్చింది. అయినా బతికి బయటపడ్డాను కదా అనుకున్నాను.

బయటికొచ్చేసరికి బెంచీ మీది నుంచి సుజాత గోడ పట్టుకొని లేచింది. ఏమైందని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. “ఆ రోజు దిగేటప్పుడు జారానక్కా. మోకాలు మెలిపడింది. మీరున్న పరిస్థితిలో నా గోల ఎందుకని ఊరుకున్నాను.” ఎమ్మారైలో ఏసీఎల్ టేర్, అంటే మోకాలి లోపలి లిగమెంట్ తెగిందని తేలింది. సర్జరీ, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. పెద్ద ట్రెక్‌కు మిగతావాళ్లు మేం లేకుండానే వెళ్లిపోయారు.

నర్సింహ తనే నిచ్చెన వేసుకొని ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. “నాదే తప్పు వదినా, నా వల్లనే గిట్లయింది” అన్నాడు.

“నీదేమున్నది? నోరు నాది గద” అన్నాను. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు పాలీహౌస్‌లో ఎరువు బస్తాల మీద కప్పి ఉంది.

నేనిప్పుడు ఆరోగ్యంగా ఉన్నాను, పనులన్నీ చేసుకుంటున్నాను. సుజాత ఇంకా కొద్దిగా కుంటుతుంది. సాయంత్రాలు ఎంకపల్లి రోడ్డు మీద ఇద్దరం నెమ్మదిగా నడుస్తాం. తుమ్మొచ్చినా ఒకరికొకరు చెప్పుకుంటున్నాం. మొన్న నేను వెళ్లేసరికి ఆమె వాళ్లింటి మెట్ల మీద కూర్చొని, మిగతావాళ్లు పంపిన ట్రెక్ ఫొటోలను పెద్దవి చేసి చూస్తోంది. నన్ను చూడగానే ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఆ పొద్దున నేను నోరు విప్పి ఉంటే నాతో పాటు కిందికి గైడ్ చెప్పిన ఆ మనిషి దిగేవాడు. సుజాత శిఖరం మీద నిలబడేది. అందుకే కొండలెక్కే వాళ్లకు ఒక్కటే చెబుతున్నాను. లేసు కట్టుకుంటే ఆయాసం వచ్చినా సరే, అడిగిన వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేయండి. మీ కోసం కాకపోయినా, మీ పక్కన నడుస్తున్న మనిషి కోసం చెప్పండి.