కాగజ్‌నగర్ అడవి అంచున, పోశయ్య ఎర్రెద్దు దగ్గర

నా బ్లాగు చదివేవాళ్లకు నా వరస తెలుసు. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, ఏదో ఒక జలపాతం దగ్గర తేలుతాను. ఈసారి అడవికి పోవడానికి కారణం రత్నమ్మ. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి, ఇప్పుడు కాగజ్‌నగర్ అవతల ఒక ఊళ్లో కాపురం ఉంటోంది. “నీ రాతలల్ల నీళ్లు, రాళ్లే ఉంటయి. మనుషులు పని జేసుకునే తావుకు ఒక్కసారన్న రారాదు?” అని ఫోన్లో దెప్పింది. ఆమె భర్త యాకోబు అడవిలో కాంట్రాక్టు మీద ట్రాకర్‌గా పని చేస్తాడు. తెల్లవారగానే నడక మొదలుపెట్టి పులి అడుగులు, చెట్ల మీద గోళ్ల గీతలు వెతికి ఫోన్లో ఎక్కించాలి. చెట్లకు కట్టిన కెమెరాలు చూసుకోవాలి. ఎక్కడైనా పులి పశువును కొడితే ముందుగా అక్కడికి ఉరకాలి. మనుషుల్ని చూడడానికే వస్తున్నానని రత్నమ్మతో అన్నాను గానీ, నేను పోయింది పులి కోసమే. సోమవారం స్టాఫ్ రూములో చెప్పుకోవడానికి నాకో పులి కావాలి.

కరీంనగర్‌లో ఉదయం ఐదింటి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కితే మంచిర్యాలకు ఏడున్నరకల్లా చేరాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు, మగవాళ్లు నూటయాభై దాకా చేతిలో పెట్టుకోవాలి. శ్రీరాంపూర్‌లో రాత్రి షిఫ్టు దిగిన గని కార్మికులు ఎక్కి నిలబడే నిద్రపోయారు. మంచిర్యాలలో టిఫిన్ చేద్దామనుకుంటే రైలు అప్పుడే ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది. రెండు బిస్కెట్లు, ఒక టీతో సరిపెట్టుకుని ఎక్కేశాను. జనరల్ టికెట్ యాభై లోపే. కాగజ్‌నగర్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషన్ బయట నుంచి ఊళ్లవైపు షేర్ ఆటోలుంటాయి, మనిషికి నలభై. ఆటో నిండేదాకా కదలదు, కాబట్టి అరగంట ఓపిక పట్టాలి. మార్చి ఎండకు టేకు చెట్లన్నీ ఆకు రాల్చి బోడిగా నిలబడి ఉన్నాయి. దారి పక్కన ఇద్దరు మనుషులు వంగి రాళ్లకు సున్నం వేస్తున్నారు. అప్పుడు వాళ్లను పట్టించుకోలేదు.

ఊరి మొదట్లోనే యాకోబు ఎదురొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. “వదినా, కాళ్లు గడుక్కునే టైం గూడ లేదు. పోశయ్య మామ ఎద్దును పులి కొట్టింది. వస్తవా, ఇంటికాడ ఉంటవా?” అన్నాడు. ఉంటానా! చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ మాట వినగానే నాకు సంతోషమేసింది.

రెండు కిలోమీటర్లు నడిచాం. వాగు ఇసుకలో యాకోబు పులి అడుగు చూపించాడు. నా చేయి పూర్తిగా విప్పి పక్కన పెడితే రెండూ దాదాపు సమానం. ఫొటో తీసుకున్నాను. వాగు దాటి ఇప్పచెట్ల దగ్గరికి పోయేసరికి ఎర్రెద్దు పక్కకు ఒరిగి పడి ఉంది. మెడ దగ్గర నాలుగు గాట్లు, వెనక తొడ కొంచెం తిన్న గుర్తు. దాని తల దగ్గర పోశయ్య గొంతుక్కూర్చుని ఈగలు తోలుతున్నాడు. అరవై దాటిన రైతు, చేను ఆ పక్కనే, కొట్టమూ చేనులోనే. అక్కడ కట్టేసి ఉన్న దాని జోడీ, నల్లటి కర్రెద్దు, మధ్యమధ్య అరుస్తోంది. ఆ రెండూ కలిసి పదేళ్లుగా ఒకే కాడి కింద నడిచాయట. భార్య లచ్చవ్వ గుంత తవ్వడానికి పార పట్టుకొచ్చింది. ఆ వైపు రైతులు ఇంట్లో ఎద్దు చస్తే పసుపు కుంకుమ పెట్టి, కొత్త బట్ట కప్పి, మనిషిని సాగనంపినట్టే పూడ్చిపెడతారు.

యాకోబు పార మీద చేయి వేశాడు. “ముట్టకు అత్తా. మామా, దీన్ని జరుపకుర్రి. పులి మల్ల దీనికాడికే వస్తది. ఇది గిట్లనే ఉంటే రెండు మూడు దినాలు దీన్నే తింటది, కర్రెద్దు జోలికి రాదు. తీసేస్తే ఆకలి మీద కొట్టంకాడికే వస్తది.”

“పదేండ్లు నా ఎన్క నడిచింది అల్లుడా,” అన్నాడు పోశయ్య. “దాన్ని పులికి సద్ది లెక్క ఇడ్సిపెట్టాల్నా?”

“కర్రెద్దు కోసం ఇడ్సిపెట్టు. నేను ఈడ్నే కూసుంట. ఎవ్వడూ మందు సల్లకుండ, కుక్క ముట్టకుండ నేను జూస్త. నా మాట మీద ఉండు.”

పోశయ్య ఎద్దు మెడ నిమిరాడు. చివరికి ఎర్రెద్దు మెడలోని గంట విప్పి భార్య చేతికిచ్చి, “సరే తియ్,” అన్నాడు. కోపంతో పశువు మీద పురుగుల మందు చల్లే వాళ్లు ఉంటారనీ, అందుకే చీకటి పడి పులి వచ్చేదాకా ఒక మనిషి కాపలా ఉండి తీరాలనీ యాకోబు నాకు మెల్లగా చెప్పాడు. మేమిద్దరం వందడుగుల దూరంలో ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. పైనుంచి పూలు టపటపా రాలుతున్నాయి. కొండముచ్చులు కొమ్మల్లోంచి మమ్మల్ని తొంగి చూస్తున్నాయి. తోడుకు ఇంకో మనిషిని పంపమని యాకోబు రెండుసార్లు ఫోన్ చేశాడు. క్యాంపులో మిగిలిన ఇద్దరూ సున్నం పనిలో ఉన్నారు. మర్నాడు అటవీశాఖ పెద్దసారు తనిఖీకి వస్తున్నాడట. అడవిని కాపాడే మనుషులు రాళ్లకు రంగులు వేయాలి, పులిని మాత్రం ఒక్కడు చూసుకోవాలి! ఎవరి తెలివో గానీ దండం పెట్టాలి.

ఒంటిగంట దాటేసరికి నాకు కళ్లు తిరిగాయి. పొద్దున తిన్నవి రెండు బిస్కెట్లే, సీసాలో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. యాకోబు నా ముఖం చూశాడు. “వదినా, మొఖం గుంజుకపోయింది. పా, క్యాంపుల బువ్వున్నది.” నాకేం కాలేదు అన్నాను. ఒక్కసారే అన్నాను. రెండోసారి అనాల్సింది. ఇంటికొచ్చిన ఆడమనిషి పస్తుంటే అతనికి ముద్ద దిగదు, పులి తిరిగే దారిలో నన్ను ఒంటరిగా పంపనూ లేడు. “మామా, జర ఇటొచ్చి కూసో. కుక్కలు రాకుండ సూడు. ఎద్దు ఇంచు గూడ జరుగొద్దు. గంటల వస్త,” అని పోశయ్యకు చెప్పి లేచాడు.

క్యాంపు అంటే ఒక రేకుల గది, సోలార్ ఫ్యాను, నీళ్ల డ్రమ్ము. యాకోబు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ముందు నాకు వడ్డించాడు. పప్పుచారు, ఎండుచేపల కూర. ఆకలికి ఎంత తిన్నానో నాకే తెలియదు. తిన్నాక చాప వేసి, “ఐదు నిమిషాలు ఒరుగు,” అన్నాడు. నేను ఒరిగి నిద్రపోయాను. లేచేసరికి మూడున్నర! గుమ్మంలో యాకోబు చెప్పులు వేసుకుని, కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో అడిగే ధైర్యం చేయలేదు. నన్ను లేపలేకపోయాడు, వదిలి పోలేకపోయాడు.

మేం తిరిగి పోయేసరికి ఎర్రెద్దు కనబడలేదు. దాని చుట్టూ నడుమెత్తు రేగుకంప గట్టిగా కట్టి ఉంది. కంప లోపల ఎద్దు మీద కొత్త తెల్ల ధోవతి, కొమ్ములకు పసుపు, నుదుట కుంకుమ. నాలుగు వైపులా ఊదుబత్తులు వెలుగుతున్నాయి. ముళ్లకు చీరుకుపోయిన చేతులతో పోశయ్య ఎదురొచ్చాడు. చెప్పిన పని చేశానన్న తృప్తి ఆయన ముఖంలో ఉంది.

“ఇంచు గూడ జరుపలే అల్లుడా. కుక్కలు రెండుమాట్ల వచ్చినయి, అందుకే కంప గొట్టిన. ఇగ ఫికర్ లేదు.”

యాకోబు అరవలేదు. నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. “కంప తీసేద్దాం,” అన్నాను నేను. “తీస్తం వదినా. గాని మనిషి వాసన తియ్యలేం. గీ పొగ, పసుపు, ఇంతమంది అడుగులు. అది దూరంకెల్లే వాసన పట్టి మర్లిపోతది.” పోశయ్యకు అప్పుడు విషయం అర్థమైంది. వంగి ఊదుబత్తులు ఒక్కొక్కటే మట్టిలో గుచ్చి ఆర్పాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఐదింటికి యాకోబు పైఅధికారి సెక్షన్ సారు జీపులో నలుగురిని వేసుకుని దిగాడు. గాయం ఫొటో తీయాలని ధోవతి లాగించారు, కంప పీకించారు, చెట్టుకు కెమెరా కట్టారు. ఆ చోటంతా బూట్ల గుర్తులు. “నువ్వెటు పోయినవ్?” అని సారు యాకోబును నిలదీశాడు.

“బువ్వకు పోయిన సార్.”

అంతే అన్నాడు. నా వైపు చూడనైనా లేదు. నా కోసం పోయాడని చెప్పడానికి నాకు నోరుంది. పిల్లలకు గంటలు గంటలు పాఠాలు చెప్పే నోరే. అది ఆ పూట లేవలేదు. ఆ పిరికితనానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఆ రాత్రి రత్నమ్మ ఇంట్లో పడుకున్నాను, యాకోబు నా కోసమే లేచాడని ఆమెకూ చెప్పలేదు. పులి ఎర్రెద్దు దగ్గరికి రాలేదు. తెల్లవారి ఆరింటికి పోశయ్య కర్రెద్దును నీళ్లకని వాగుకు తోలుకుపోతుంటే, పులి ఆయన కళ్ల ముందే దాన్ని కొట్టింది. కబురొచ్చి మేం ఉరికేసరికి ఆయన వాగు ఒడ్డున తెగిన పగ్గం పట్టుకుని కూర్చున్నాడు. లచ్చవ్వ ఏడుపు మాత్రం చేను దాకా వినిపిస్తోంది. మమ్మల్ని తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన యాకోబు వైపు తలెత్తి మెల్లగా అడిగాడు.

“ఈపారన్న ఏం జేయాల్నో జర తెలిసేటట్టు చెప్పు బిడ్డా.”

యాకోబు ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నాడు. పెద్దసారు వచ్చే టైమయింది, రమ్మని జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. తీయలేదు. నేను తొమ్మిదింటికి బయలుదేరాను. వీడ్కోలు చెప్పడానికి అతను లేవలేదు, నేనూ లేవమనలేదు.

తిరుగు ఆటోలో డ్రైవర్ అద్దంలోంచి అడిగాడు, “పులిని సూసిండ్రా మేడం?” లేదన్నాను. “అయ్యో, ఇంత దూరమొచ్చి ఖాళీగ పోతుండ్రు,” అని నొచ్చుకున్నాడు. దారి పొడుగునా రాళ్లు తెల్లగా ఉన్నాయి.

అడవిలో బతికే మనుషుల పని మనం చూసి రావడానికి పెట్టిన ప్రదర్శన కాదు. అక్కడ ఒక మనిషి ఇచ్చిన మాట మీద ఇంకో మనిషి కాడి ఆధారపడి ఉంటుంది. పోశయ్య తప్పు చేయలేదు, తన ఎద్దును ప్రేమించాడు, చెప్పిన మాట అక్షరాలా పాటించాడు. యాకోబు తప్పు చేయలేదు, ఆకలిగొన్న చుట్టానికి అన్నం పెట్టాడు. సారుకు సున్నం ముఖ్యం, నాకు పులి ముఖ్యం. మా ఇద్దరి మధ్య పడి ఆ జోడి పోయింది. రత్నమ్మకు మొన్న ఫోన్ చేసి, యాకోబు కాపలా వదిలింది నా ఆకలి కోసమేనని జరిగింది జరిగినట్టు చెప్పాను. “మా ఆయన నాకు గీ ముచ్చట చెప్పనే లేదే,” అంది.

పోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ట్రాకర్‌తో అడవికి పోయేటప్పుడు మీ సద్ది మీరే కట్టుకుపోండి, తలా రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. మధ్యాహ్నం ఆయన “తిందాం పా” అంటే, కూర్చున్న చోటి నుంచి లేవకుండా అక్కడే మూట విప్పి, ఆయనకూ ఇంత పెట్టండి.